బొప్పాయి: గుణాలు, హద్దులు

మన ఉద్యోగుల కాలనీ పెరళ్ళలో అడగకుండానే మొలిచి, ఏడాది తిరిగేసరికి ఫలాలనిచ్చే చెట్టు బొప్పాయి. దీని జన్మస్థలం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. 16వ శతాబ్దంలో ఐరోపా నావికుల వెంట మన దేశానికి వచ్చింది. నేడు ప్రపంచంలో బొప్పాయిని అత్యధికంగా పండిస్తున్న దేశం మనదే.

100 గ్రాముల పండులో సుమారు 88 శాతం నీరే. శక్తి సుమారు 43 కిలోకేలరీలు, విటమిన్ సి సుమారు 60 మిల్లీగ్రాములు. గుజ్జులోని బీటా కెరోటిన్ దేహంలో విటమిన్ ఏగా మారి కంటిచూపును కాపాడుతుంది. షిఫ్టు డ్యూటీల వల్ల భోజనవేళలు తప్పే మనకు ఇందులోని పీచు మలబద్ధకాన్ని నివారించే మేలైన ఔషధం.

పచ్చికాయ పాలలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. ఇది మాంసకృత్తులను ఛేదిస్తుంది. హైదరాబాదీ బిర్యానీకి మాంసాన్ని నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి ముద్ద కలపడంలోని రహస్యమిదే. కాయ పండేకొద్దీ పాలతోపాటు పపైన్ కూడా తగ్గిపోతుంది. కాబట్టి పండు వల్ల జీర్ణవ్యవస్థకు కలిగే మేలు ప్రధానంగా పీచు, నీరు చేసేదే. కాయ పాలు గర్భాశయ కండరాలను సంకోచింపజేస్తాయని జంతు ప్రయోగాల్లో తేలింది. అందుచేత గర్భిణులు పచ్చికాయను వర్జించాలి. రబ్బరు పడనివారు కూడా జాగ్రత్త వహించాలి.

ఇక ఆకురసం సంగతి. వర్షాకాలంలో డెంగీ వ్యాపించగానే అందరి చూపూ బొప్పాయి ఆకుపై పడుతుంది. ఆకురసంతో ప్లేట్‌లెట్లు పెరిగినట్లు భారత్, మలేషియాలలో జరిగిన కొన్ని పరిశోధనలు తెలిపిన మాట వాస్తవమే. అయితే కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. అసలు ప్రమాదం రక్తనాళాల నుండి ద్రవం బయటికి ఊరిపోవడంలో ఉన్నది. గొట్టం కారుతుండగా గేజి ముల్లును మాత్రమే చూస్తూ కూర్చుంటే యంత్రం నిలుస్తుందా?

ఈ ప్రమాదం తరచు జ్వరం తగ్గే సమయంలోనే ముంచుకొస్తుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మగత కనిపిస్తే ఆకు నూరుతూ గడియ కూడా వృథా చేయరాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడరాదు. జ్వరానికి వైద్యుని సలహాతో పారాసిటమాల్ చాలు.

పెరట్లో బొప్పాయిని పెంచుదాం, పండును ప్రతి ఇంటా ఆరగిద్దాం. దానితోపాటు కూలర్లలో, పూలకుండీల పళ్ళాలలో నిలిచిన నీటిని వారానికొకసారి పారబోద్దాం. డెంగీ దోమను అరికట్టడంలో ఏ ఆకురసమూ ఈ పనికి సాటిరాదు.