ఇన్వర్టరు కంటే ముందు ఫ్యాను

ఎండలు ముదిరి విద్యుత్ సరఫరాలో అంతరాయాలు మొదలు కాగానే మధ్యతరగతి కుటుంబాల చూపు ఇన్వర్టర్ల దుకాణాలవైపు మళ్లుతుంది. దుకాణదారుడు వేసే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు? ఒక్కొక్క ఫ్యాను ఎన్ని వాట్లు లాగుతున్నదో అతడు అడగడు, కొనేవారూ చెప్పరు. నిజానికి ఎంత బ్యాటరీ కావాలో నిర్ణయించేది ఆ అడగని ప్రశ్నే.

లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. మన ఇళ్లలో విరివిగా కనిపించే 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్ల విద్యుత్తు, అంటే 1.8 యూనిట్లు నిల్వ వుంటుంది. దాన్ని అడుగంటా వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. ఇన్వర్టరులో జరిగే నష్టం కూడా కొంత వుంటుంది. ఇవన్నీ పోగా చేతికందేది ఉరమరగా 1,200 వాట్-అవర్లు. 75 వాట్ల పాతరకం సీలింగ్ ఫ్యాన్లు రెండు, చోకుతో కలిపి 50 వాట్లు లాగే పాత ట్యూబులైట్లు నాలుగు నడిస్తే మొత్తం భారం 350 వాట్లు. బ్యాటరీ మూడున్నర గంటలు కూడా నిలవదు. అదే ఇంట్లో బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తిరిగే 30 వాట్ల ఫ్యాన్లు రెండు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు నాలుగు వుంటే భారం 140 వాట్లకు పడిపోతుంది. బ్యాటరీ అదే, గది అదే, గాలి అంతే. కాని ఎనిమిదిన్నర గంటలు, అంటే ఒక రాత్రి గడిచిపోతుంది.

పొదుపు వేరు, కోతల నుంచి రక్షణ వేరు అని వినియోగదారులు భావించడమే ఈ వ్యవహారంలో అసలు చిక్కు. రెండో బ్యాటరీకి పెట్టే డబ్బుతో ఫ్యాన్లు మారిస్తే కోతవేళలోనే కాదు, కరెంటు వున్నన్నాళ్లూ లాభమే. రోజుకు 15 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగే ఫ్యాను మీద సుమారు 200 యూనిట్లు ఆదా అవుతాయి. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే రూ. 1,200. ఎక్కువ వాడినవారికి రేటు పెరిగే శ్లాబుల విధానంలో తగ్గేవి పైశ్లాబు యూనిట్లే గనుక ఆదా ఇంకొంత ఎక్కువే వుండవచ్చు.

ఇన్వర్టరు విద్యుత్తును పుట్టించే యంత్రం కాదన్న సంగతి కూడా మరువరాదు. అది నిల్వచేసి ఇచ్చే సాధనం మాత్రమే. నింపేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు కలిపి కనీసం నాలుగో వంతు వేడిగా మారి వృథా అవుతుంది. సరఫరా తిరిగి రాగానే వీధిలోని ఇన్వర్టర్లన్నీ ఒక్కుమ్మడిగా చార్జింగుకు దిగడంతో అప్పుడే తేరుకుంటున్న ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పెరుగుతుంది. నేపాల్‌లో రోజుకు 16 గంటల వరకు కోతలున్న కాలంలో ఇంటింటా ఇన్వర్టర్లు వెలిశాయి. చివరకు ఆ దేశాన్ని గట్టెక్కించినవి అవి కావు. కుల్‌మాన్ ఘీసింగ్ విద్యుత్ ప్రాధికార సంస్థ బాధ్యతలు చేపట్టిన తరువాత, 2016 దీపావళి నుంచి ఖాట్మండులో కోతలు ఆగిపోయాయి. పంపిణీని క్రమబద్ధం చేయడం, భారత్ నుంచి దిగుమతులు పెంచడం అందుకు తోడ్పడ్డాయి.

దీపాల విషయంలో మనదేశం సాధించినది తక్కువేమీ కాదు. 2014లో పుదుచ్చేరి కోసం ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీ బల్బు కొన్న ధర రూ. 310. లక్షలు, కోట్ల లెక్కన ఒకేచోట టెండర్లు పిలిచే సరికి 2016 చివరినాటికి అది రూ. 38కి దిగివచ్చింది. ఆరంభంలోనే చేరిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. ఏటా 4,700 కోట్ల యూనిట్లకు పైగా ఆదా అవుతున్నదని ప్రభుత్వ అంచనా. 60 వాట్ల బల్బు వెలిగిన చోట 9 వాట్లది వెలుగుతున్నది. ఎవరూ చీకట్లో కూర్చోలేదు.

ఫ్యానుకు మాత్రం ఆ యోగం ఇంకా పట్టలేదు. ఇంధన సామర్థ్య సంస్థ స్టార్ గుర్తింపు 2006లో మొదలైనా, సీలింగ్ ఫ్యాన్లకు అది తప్పనిసరి అయినది 2023 జనవరి 1న. అదే సంవత్సరం ఈఈఎస్‌ఎల్ కోటి ఫ్యాన్ల లక్ష్యంతో ఒక కార్యక్రమం ప్రకటించింది. బల్బు మాడిపోతుంది గనుక మారుస్తాం. ఫ్యాను పాతికేళ్లు తిరుగుతుంది, కండెన్సరు మారిస్తే మళ్లీ తిరుగుతుంది. పైగా అద్దె ఇంట్లో ఫ్యాను కొనేది యజమాని, బిల్లు కట్టేది కిరాయిదారు. అవసరం ఒకరిది, అధికారం ఇంకొకరిది అయినప్పుడు పనులు ముందుకు సాగవు. వేగం తగ్గిస్తే బిల్లు తగ్గుతుందన్న నమ్మకం కూడా పాత పెట్టె రెగ్యులేటరున్న ఇళ్లలో చాలావరకు భ్రమే. ఫ్యాను తినని కరెంటులో అధికభాగాన్ని రెగ్యులేటరు తిని వేడెక్కుతుంది.

తక్కువ వాట్లతో మొదలుపెడితే ఏమి సాధ్యమో బంగ్లాదేశ్ చూపింది. అక్కడ 2003 నుంచి ఇడ్‌కాల్ అనే సంస్థ ద్వారా, కరెంటు తీగ చేరని పల్లెలలో 40 లక్షలకు పైగా చిన్న సౌరవ్యవస్థలు వెలిశాయి. చిన్న పలక, ఒక బ్యాటరీ, కొద్ది వాట్ల దీపాలు. ముందుగా దీపాన్ని కుదించారు గనుకనే పేదవాడి స్తోమతకు పలక అందింది.

ఇప్పుడు మన మేడలపైకి కూడా పలకలు వస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు రూ. 78,000 సబ్సిడీ ప్రకటించారు. చార్జీల భారం భరించలేక పాకిస్తాన్ ప్రజలు 2024 ఒక్క ఏడాదిలోనే దాదాపు 17 గిగావాట్ల పలకలు దిగుమతి చేసుకున్నారు. అయితే ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి వుంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సౌరవ్యవస్థ, వీధిలో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మేడమీది కరెంటు తగలకుండా పెట్టిన జాగ్రత్త. కోతలోనూ పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. ఒప్పందం మీద సంతకం చేసే ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖలో రోజుల తరబడి సరఫరా లేదు. అటువంటి సమయంలో నింపే దారి లేని బ్యాటరీ మొదటి రాత్రితోనే సరి.

బ్యాటరీ చిన్నదైతే కలిగే మరో మేలు ఇంటి గుమ్మం అవతల వుంది. సాధారణ ఇన్వర్టరు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. పాతది తుక్కు వ్యాపారికి అమ్మితే అది ఏ పెరటిలోనో పగిలి, బహిరంగంగా కరిగి, ఆ ధూళి చుట్టుపక్కల పిల్లల రక్తంలో చేరుతుంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో సీసం హానికర స్థాయిలో వున్నదని 2020లో యూనిసెఫ్ నివేదిక పేర్కొన్నది. పాత బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీద మోపాయి. పాతదాన్ని అధీకృత డీలరుకు అప్పగిస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గింపు లభిస్తుంది. తుక్కు వ్యాపారి వంద రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా పాతది అక్కడికే చేరాలి.