అరణ్యసీమలో ఆశ్రమవిద్య

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణాగ్రమున, ప్రాణహిత గోదావరిలో సంగమించు సిరొంచ తాలూకాలో, జింగనూరు వంటి అరణ్యగ్రామముల బిడ్డలకు ఉన్నతపాఠశాల విద్య యనగా ప్రధానముగా ఆశ్రమశాలయే. అచట చదువుతోపాటు వసతియు భోజనమును ప్రభుత్వమే సమకూర్చును. 2011 జనగణనమున జిల్లా జనసంఖ్య 10,72,942. అందు గిరిజనులు నూటికి ముప్పదియెనిమిదిమందికి పైబడియుండిరి. పల్లెలు చిన్నవై దూరదూరముగ చెదరియుండుటచే, ఏ పల్లెకాపల్లె ఉన్నతపాఠశాలను పోషింపజాలదు. కావున పలు గూడెముల పిల్లలను ఒక్కచోట చేర్చుట అనివార్యమైనది. 1973లో సంఘసేవకుడు బాబా ఆమ్టే ఈ జిల్లాయందే హేమల్‌కసలో స్థాపించిన లోక్ బిరాదరీ సంస్థయు 1976లో ఇట్టి శాలనే నెలకొల్పెను.

జూన్ మాసాంతమున బడి తెరచునాటికి, తగరపు పెట్టె భుజమునకెత్తుకొని వాగు దాటు తండ్రియు, అతని వెనుక నడచు బిడ్డయు ఈ సీమలో కానవత్తురు. ఆ బిడ్డకు ఇంట మాడియా అను గిరిజనభాష, సంతలో తెలుగు, తరగతిలో మరాఠీ. ఇప్పపూవు, తునికాకు ఏరుకాలమున ఇంటిపని పిలుచును. వానకాలమున వాగులు దారి మూయును. కనుక హాజరుపట్టీలో చేరిన పేర్లనేగాక, పదవ తరగతి ముగించిన వారిని, విశేషించి బాలికలను, లెక్కించినప్పుడే పాఠశాల సాఫల్యము యథార్థముగ తెలియును.