సబర్, షుకర్, దేహారోగ్యము: అపోహలు – వాస్తవములు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనకు బందరులోను, పరిసరములలోను ఇంచుమించు ముప్పది వేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయినవి. ఇట్టి గడ్డమీద ఓరిమికి గౌరవము మిక్కుటమగుటలో వింత లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల ముస్లిం కుటుంబములలో రోగిని పరామర్శింప వచ్చిన పెద్దలు సబర్ వహింపుమని చెప్పుదురు. జ్వరము తగ్గినదని వినగానే అల్‌హందులిల్లాహ్ అని షుకర్ తెలుపుదురు. సహనము, కృతజ్ఞత అను ఈ రెండు గుణములకును దేహారోగ్యమునకును గల సంబంధమును గూర్చి ముస్లిములలోను, వారి ఇరుగుపొరుగులలోను కొన్ని అపోహలు పాతుకొనియున్నవి.

అపోహ: సబర్ అనగా చికిత్స మాని, అంతయు దైవనిర్ణయమని ఊరకుండుట.

వాస్తవము: దేవుడు మందు లేని రోగమును సృజింపలేదు, కావున చికిత్స చేయించుకొనుడని మహమ్మదు ప్రవక్త బోధించినట్లు అబూ దావూద్ హదీసు సంకలనమున కలదు. ఖలీఫా ఉమర్ సిరియాకు పోవుచు, అచ్చట మహామారి చెలరేగినదని సర్గ్ అనుచోట విని, అనుచరులతో ఆలోచించి వెనుకకు మరలెను. దైవనిర్ణయమునుండి పారిపోవుచున్నారా యని సేనాని అబూ ఉబైదా ప్రశ్నింపగా, ఒక దైవనిర్ణయమునుండి మరియొక దైవనిర్ణయమునకే పోవుచున్నామని ఆయన బదులిచ్చెను. ఈ వివేకమునకు మన తీరముననే నిదర్శనము కలదు. 1977లో మృతుల సంఖ్య ప్రభుత్వపు లెక్కలోనే పదివేలకు చేరువయ్యెను. 1990 మే 9న మరల పెనుతుఫాను ఈ తీరమునే తాకినను, లక్షకు పైబడిన జనమును ముందుగా తరలించుటచే ఆ సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. హెచ్చరిక విని ఇల్లు విడిచినవారు సబరుకు దూరమైనవారు కారు. కొంపాగోడు పోయినదని తెలిసియు మరల పునాది తీయుటలోనే వారి సబర్ వెల్లడియైనది.

అపోహ: నొప్పిని పైకి చెప్పుకొన్నను, కన్నీరు పెట్టినను సబర్ భంగమగును.

వాస్తవము: ఖుర్ఆనులో సహనమూర్తియని కీర్తింపబడిన అయ్యూబు ప్రవక్త తన బాధను ప్రభువునకు విన్నవించుకొనెను, యాఖూబు ప్రవక్త పుత్రశోకముచే కన్నులు తెల్లబడువరకు దుఃఖించెను. పసికందైన కుమారుడు ఇబ్రాహీము మరణించినపుడు మహమ్మదు ప్రవక్తయు కంటతడి పెట్టెను. పదునాలుగవ శతాబ్దిలో సహనకృతజ్ఞతలను గూర్చి ప్రత్యేకగ్రంథము రచించిన ఇబ్నుల్ ఖయ్యిమ్, రోగి తన బాధను వైద్యునితో చెప్పుట సబరుకు విరుద్ధము కాదని స్పష్టీకరించెను. ఈ మాట మన ఇండ్లలోని స్త్రీలకు, వృద్ధులకు మరీ మరీ చెప్పవలసియున్నది. ఏలయన, రొమ్ము పట్టివేసినట్లుండి, చెమటలు పోసి, నొప్పి ఎడమచేతికి ప్రాకుచుండగా గ్యాసు నొప్పియని ఓర్చుకొని తెల్లవారువరకు పడియుండువారి గుండెకండరము గడియగడియకును నశించుచుండును. అట్టి ఓర్పును మతము కోరలేదు, వైద్యము మెచ్చదు.

అపోహ: నిత్యము షుకర్ చేయువానికి రక్తపోటు, మధుమేహము రావని శాస్త్రము నిరూపించినది.

వాస్తవము: శాస్త్రము చెప్పినది ఇంతకంటె చాల పరిమితము. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, వారమున కొకసారి తమకు కలిగిన మేళ్లను వ్రాసికొన్న విద్యార్థులు, చికాకులను వ్రాసికొన్నవారికంటె తక్కువ శారీరక బాధలను చెప్పుకొనిరి, వ్యాయామమును ఎక్కువగా చేసితిమనిరి. ఐతే ఇవి వారు స్వయముగా చెప్పిన మాటలే. రెండువారములపాటు దినదినము వ్రాయించిన మరియొక ప్రయోగమున దేహవిషయమున అట్టి మేలు కనబడలేదు. నరములు, కండరముల వ్యాధిగలవారితో చేసిన వేరొక ప్రయోగమున మాత్రము నిద్ర కొంత మెరుగైనది. తీరని ఆందోళన అడ్రినలిన్, కార్టిసాల్ స్రావములను హెచ్చించి రక్తపోటును, నిద్రను చెరచును గనుక, మనశ్శాంతి దేహమునకు మేలు చేయుట యుక్తియుక్తమే. కాని అది రక్తములోని చక్కెరను కొలువజాలదు, ఇన్సులిన్ స్థానమును ఆక్రమింపజాలదు.

అపోహ: ఎంత జబ్బుగానున్నను రోజా విడువకుండుటయే నిజమైన సబర్.

వాస్తవము: రోగులకును, ప్రయాణికులకును ఉపవాసమును వాయిదా వేసికొను వెసులుబాటు ఖుర్ఆనులోని రెండవ అధ్యాయమందే కలదు, ఎన్నటికిని ఉండజాలనివారు పేదలకు అన్నము పెట్టుట చాలును. ఇన్సులిన్ తీసికొనువారు రంజాన్‌కు ముందే వైద్యుని కలిసి మోతాదును మార్పించుకొనవలయును. రక్తములో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటె దిగజారినచో వెంటనే ఉపవాసమును విరమింపవలయును. ఇఫ్తారు వేళ హల్వా, బందరు లడ్డులతో పగటి ఉపవాసపు లోటును మితిమీరి పూరించుటయు ప్రమాదమే.

అపోహ: రోగము దైవశిక్ష, ఆరోగ్యము పుణ్యఫలము.

వాస్తవము: ముల్లు గ్రుచ్చుకొన్నను విశ్వాసి పాపములు కొన్ని తొలగునని హదీసు, రోగము పాపమునకు ముద్రయే యైనచో అయ్యూబు వంటి ప్రవక్తకు అది రానేరాదు. అట్లని రోగమును కోరుకొనుటయు ధర్మము కాదు. ప్రార్థనలో ఆరోగ్యక్షేమములనే అర్థింపుమని ప్రవక్త నేర్పెను.

పదునొకండవ శతాబ్దిలో జన్మించిన ఇమాం గజాలీ తన ఇహ్యా గ్రంథమున సబర్, షుకర్ రెంటిని ఒకే భాగమున చర్చించుచు, మేలును మేలుగా గుర్తించుట, హృదయమున సంతసించుట, దానిని తగిన పనికి వినియోగించుట అని కృతజ్ఞతకు మూడంగములు చెప్పెను. ఈ మూడవ అంగమును మరచుటచేతనే పై అపోహలన్నియు పుట్టుచున్నవి. దేహము దైవదత్తమని నమ్మువాడు రక్తపోటు మాత్రను వేళ తప్పక వేసికొనుట, పొగాకును విడుచుట, ఉదయమున నాలుగడుగులు నడచుట షుకరులోని భాగములే. వీనిని ఫలితము కనబడకున్నను ఏండ్ల తరబడి విసుగక సాగించుటకు కావలసినదే సబర్.