ఒంటికి తగ్గ డ్రెస్సా.. డ్రెస్సుకు తగ్గ ఒళ్లా? సైజ్ జీరో మోడల్స్ వెనక అసలు కథ ఇదీ!

జారా, మార్క్స్ అండ్ స్పెన్సర్, నెక్స్ట్.. మూడూ పేరున్న బట్టల బ్రాండ్లే. 2025లో ఈ మూడింటి ప్రకటనలకూ బ్రిటన్‌లో ఒకే కారణంతో బ్రేక్ పడింది. యాడ్‌లో మోడల్ ఆరోగ్యకరం కానంత సన్నగా కనిపిస్తోందని అక్కడి అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ తేల్చింది. ఆ ఫోటోలను మళ్లీ వాడొద్దని చెప్పింది.

ఇక్కడే ఓ ట్విస్ట్ ఉంది. తమ మోడల్స్ ఆరోగ్యంగానే ఉన్నారని, డాక్టర్ సర్టిఫికెట్లు కూడా ఉన్నాయని జారా చెప్పింది. అయినా ఫోటోలు తీసేయక తప్పలేదు. మరి మోడల్ ఆరోగ్యంగా ఉంటే ఫోటోతో ఇబ్బందేంటి? అసలు ర్యాంప్ మీద నడిచే అమ్మాయిలు అంత సన్నగానే ఎందుకు ఉండాలి? ఆ కొలత ఎవరు పెట్టారు? వివరంగా చూద్దాం.

అసలు సైజ్ జీరో అంటే ఏంటి?

మన దగ్గర ఈ మాట బాగా పాపులర్ అయింది 2008లో. 'టషన్' సినిమా కోసం కరీనా కపూర్ బాగా సన్నబడటంతో పేపర్లు, టీవీలు, జిమ్‌లు అన్నిచోట్లా ఇదే టాపిక్. అప్పట్నుంచి సైజ్ జీరో అంటే ఓ రకం ఒళ్లు అనే అర్థం స్థిరపడిపోయింది.

నిజానికి అది ఒంటి కొలత కాదు, బట్టల నంబర్. అమెరికాలో ఆడవాళ్ల రెడీమేడ్ దుస్తులకు 0, 2, 4, 6.. ఇలా సరి సంఖ్యల్లో సైజులు ఉంటాయి. సైజ్ 0 అంటే బ్రాండ్‌ను బట్టి నడుము దాదాపు 23 నుంచి 25 అంగుళాలు. పైగా ఈ నంబర్ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కస్టమర్ సంతోషపడతారని కొన్ని కంపెనీలు పెద్ద కొలత డ్రెస్సుకు చిన్న నంబర్ వేస్తుంటాయి. అంటే కంపెనీకో తీరుగా మారే ఓ లేబుల్ కోసం కడుపు మాడ్చుకుంటున్నారన్నమాట.

అసలు చిక్కు శాంపిల్ డ్రెస్ దగ్గరే

మన వీధి టైలర్ ఏం చేస్తాడు? ముందు టేపు తీసి కొలతలు రాసుకుంటాడు. తర్వాత గుడ్డ కత్తిరిస్తాడు. ఫ్యాషన్ ప్రపంచంలో ఇది రివర్స్. బట్టలు షాపులకు రావడానికి దాదాపు ఆరు నెలల ముందే డిజైనర్ కలెక్షన్ సిద్ధమవుతుంది. ఒక్కో డిజైన్‌కు మామూలుగా ఒకే పీస్ కుడతారు. దాన్నే శాంపిల్ అంటారు. ర్యాంప్ షో అయినా, మ్యాగజైన్ ఫోటోషూట్ అయినా, స్టార్ల ఈవెంట్ అయినా అదే డ్రెస్ తిరుగుతుంది.

ఆ డ్రెస్ ఎవరికి పడుతుందో ముందే తెలియదు. కాబట్టి అందరు మోడల్స్‌దీ ఒకే కొలత ఉండాలని ఏజెన్సీలు కోరుకుంటాయి. ర్యాంప్ మోడల్ అంటే ఎత్తు కనీసం 5 అడుగుల 9 అంగుళాలు, నడుము 24 అంగుళాలు, తుంటి 34-35 అంగుళాలు.. ఇదీ చాలా ఏజెన్సీల లెక్క. జిప్ ఎక్కకపోతే డ్రెస్‌కు ఆల్టరేషన్ చేయరు. ఆ పక్కన లైన్లో నిలబడ్డ ఇంకో అమ్మాయిని పిలుస్తారు. పని పోతుంది.

ఇంకో సంగతీ ఉంది. చాలామంది 15, 16 ఏళ్లకే ఈ రంగంలోకి వస్తారు. ఆ వయసులో సన్నగా, పొడుగ్గా ఉండటం కొందరికి సహజం. కానీ 18, 19 వచ్చేసరికి ఒళ్లు మారుతుంది, తుంటి పెరుగుతుంది. అది పెరిగే వయసులో మామూలే. శాంపిల్ సైజు మాత్రం మారదు. అప్పుడు మొదలవుతుంది తిండి మానేయడం.

దీనిపై ఫ్యాషన్ ప్రపంచంలోంచే గొంతు లేచింది. 2009లో బ్రిటిష్ వోగ్ ఎడిటర్ అలెగ్జాండ్రా షూల్మన్ పెద్ద పెద్ద డిజైనర్లకు లేఖ రాశారు. మీరు పంపే శాంపిల్స్ మరీ చిన్నవైపోతున్నాయి, వాటిలో పట్టాలంటే ఎముకలు తేలిన అమ్మాయిలనే తీసుకోవాల్సి వస్తోందన్నది ఆ లేఖ సారాంశం. ఫోటోల్లో మోడల్స్ కాస్త ఒళ్లు ఉన్నట్టు కనిపించేలా తామే రీటచ్ చేయాల్సి వస్తోందని కూడా ఆమె చెప్పారు. లావుగా ఉన్నవాళ్లను సన్నగా చూపించడానికి ఫోటోషాప్ వాడతారని అందరికీ తెలుసు. ఇక్కడ జరిగింది దానికి పూర్తి ఉల్టా!

ఆరు నెలలు.. మూడు ప్రాణాలు

ఈ సమస్య ప్రపంచం దృష్టికి వచ్చింది మాత్రం మరణాలతోనే.

2006 ఆగస్టు. ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో ఫ్యాషన్ షో జరుగుతోంది. 22 ఏళ్ల మోడల్ లూసెల్ రామోస్ ర్యాంప్ దిగిన కాసేపటికే కుప్పకూలింది. గుండె ఆగిపోయింది. షోకు ముందు ఆమె చాలా రోజులుగా సరిగా తినలేదని ఆ తర్వాత బయటపడింది.

అదే ఏడాది నవంబర్‌లో బ్రెజిల్ మోడల్ అనా కరోలినా రెస్టన్ చనిపోయింది. వయసు 21. ఎత్తు సుమారు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 40 కిలోలు. 2007 ఫిబ్రవరిలో లూసెల్ చెల్లెలు ఎలియానా కన్నుమూసింది. ఆమె కూడా మోడలే. వయసు 18 మాత్రమే.

తిండి తగ్గిస్తే గుండె ఎందుకు ఆగుతుంది? గుండె కూడా కండరమే. చాలాకాలం తిండి లేకపోతే శరీరం ముందు కొవ్వును, తర్వాత కండను కరిగించుకుంటుంది. రక్తంలో పొటాషియం లాంటి లవణాలు పడిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే అనొరెక్సియాను డాక్టర్లు 'డైటింగ్ పిచ్చి'గా చూడరు. మానసిక వ్యాధుల్లో ఎక్కువ ప్రాణాలు తీసే వాటిలో ఇదొకటి.

ఏ దేశం ఏం చేసింది?

స్పెయిన్: 2006 సెప్టెంబర్‌లో మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్ నిర్వాహకులు మొదటి అడుగు వేశారు. బీఎంఐ 18 కంటే తక్కువ ఉన్న మోడల్స్‌కు నో ఎంట్రీ అన్నారు. ఐదుగురిని వెనక్కి పంపారు కూడా.

ఇజ్రాయెల్: 2012లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసింది. 2013 నుంచి అమల్లోకి వచ్చింది. మోడల్ బీఎంఐ కనీసం 18.5 ఉండాలి. డాక్టర్ సర్టిఫికెట్ తీసుకుని మూడు నెలలు దాటకూడదు. ఫోటోలో సన్నగా కనిపించేలా మార్పులు చేస్తే ఆ సంగతి యాడ్‌లోనే చెప్పాలి.

ఫ్రాన్స్: ఫ్యాషన్‌కు పుట్టిల్లు లాంటి దేశం కాబట్టి ఇక్కడి చట్టంపై పెద్ద చర్చే జరిగింది. మొదట బీఎంఐ లిమిట్ పెడదామనుకున్నారు. ఏజెన్సీలు అభ్యంతరం చెప్పడంతో ఆ నిర్ణయం డాక్టర్‌కే వదిలేశారు. 2017 మే నుంచి మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి. లేకుండా పని ఇస్తే 75 వేల యూరోల వరకు ఫైన్, ఆరు నెలల వరకు జైలు. అదే ఏడాది అక్టోబర్ నుంచి ఒంటి ఆకారం మార్చిన ఫోటోలపై 'రీటచ్ చేసిన ఫోటో' అని రాయాలనే రూల్ కూడా వచ్చింది.

నార్వే: రీటచ్ చేసిన యాడ్స్‌కు, ఇన్‌ఫ్లుయెన్సర్ల పెయిడ్ పోస్టులకు కూడా లేబుల్ ఉండాలని 2022 జూలై నుంచి చట్టం.

ఇవన్నీ ప్రభుత్వాలు, నిర్వాహకులు పెట్టిన రూల్స్. 2017 సెప్టెంబర్‌లో మాత్రం కంపెనీలే ముందుకొచ్చాయి. డియోర్, లూయీ విటాన్ చేతిలో ఉన్న ఎల్‌వీఎంహెచ్, గూచీ చేతిలో ఉన్న కెరింగ్ కలిసి ఓ ఒప్పందానికి వచ్చాయి. ఫ్రెంచ్ సైజు 32, అంటే దాదాపు అమెరికన్ సైజ్ జీరో మోడల్స్‌ను తీసుకోబోమన్నాయి. మగ మోడల్స్‌కూ ఓ లిమిట్ పెట్టాయి. 16 ఏళ్ల లోపు పిల్లలతో పెద్దవాళ్ల బట్టలు వేయించబోమని చెప్పాయి.

బీఎంఐ ఒక్కటే చాలా?

బీఎంఐ లెక్క సింపుల్. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 18.5 కంటే తగ్గితే తక్కువ బరువు. ఉదాహరణకు 175 సెంటీమీటర్ల ఎత్తున్న మోడల్ కనీసం 56-57 కిలోలు ఉండాలి. రెస్టన్ బీఎంఐ 13.5 దగ్గర ఉంది.

కానీ ఈ లెక్కకు పరిమితులున్నాయి. 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త క్వెట్‌లే దీన్ని తయారు చేసింది జనాభా మొత్తాన్ని అంచనా వేయడానికి. ఒక్క మనిషి ఆరోగ్యాన్ని తేల్చడానికి కాదు. పుట్టుకతోనే సన్నగా ఉండి, కడుపునిండా తినే అమ్మాయి బీఎంఐ 18 ఉండొచ్చు. బీఎంఐ 20 ఉన్న అమ్మాయి తిన్నదంతా వాంతి చేసుకుంటూ ఉండొచ్చు. మొదటి అమ్మాయికి పని పోతుంది, రెండో అమ్మాయి టెస్ట్ పాసవుతుంది. అందుకే ఫ్రాన్స్ డాక్టర్ పరీక్ష వైపు మొగ్గింది.

ఇక జారా విషయానికొస్తే.. అక్కడ ప్రశ్న మోడల్ ఆరోగ్యం గురించి కాదు, చూసేవాళ్ల గురించి. ఒక ఫోటోలో నీడల వల్ల కాళ్లు మరీ సన్నగా కనిపించాయి. ఇంకోదాంట్లో పోజు వల్ల మెడ కింది ఎముక పొడుచుకొచ్చినట్టు ఉంది. కెమెరా యాంగిల్, లైటింగ్, పోజు.. ఇవన్నీ కలిసి లేని సన్నదనాన్ని కూడా చూపిస్తాయి. ఆ ఫోటో చూసే 14 ఏళ్ల పాపకు సర్టిఫికెట్ కనిపించదు. కాళ్లే కనిపిస్తాయి.

అయితే సర్టిఫికెట్ అయినా, లేబుల్ అయినా చివర్లో చేసే చెకింగ్ లాంటివే. చిన్న డ్రెస్ మాత్రం అలాగే ఉంటోంది. దాంట్లో పట్టే మనిషి కోసం వెతుకులాటా ఆగదు. ఎల్‌వీఎంహెచ్, కెరింగ్ ఒప్పందానికి విలువ ఇక్కడే ఉంది. అది మనిషిని కాకుండా సైజును పట్టుకుంది. డిజైనర్లు ఒక్కో డ్రెస్‌ను రెండు మూడు సైజుల్లో కుడితే సగం ఒత్తిడి అక్కడే తగ్గుతుంది. ఖర్చు, టైమ్ పెరుగుతాయి. చాలామంది వెనకాడేది అందుకే.

ప్లస్ సైజ్ వచ్చింది కదా.. ఇంకేం బాధ?

2016లో ప్లస్ సైజ్ మోడల్ యాష్లే గ్రాహమ్ స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ స్విమ్‌సూట్ సంచిక కవర్‌పైకి ఎక్కినప్పుడు రోజులు మారాయనే అనుకున్నారు. కానీ ర్యాంప్ లెక్కలు వేరే చెబుతున్నాయి. వోగ్ బిజినెస్ లెక్క ప్రకారం 2025 స్ప్రింగ్ సమ్మర్ సీజన్ షోల్లో 94.9 శాతం డ్రెస్సులు అమెరికన్ సైజ్ 0 నుంచి 4 మధ్య మోడల్సే వేసుకున్నారు. ప్లస్ సైజ్ వాటా 0.8 శాతం. అంటే వందకు ఒక్కటి కూడా లేదు!

దీనికి తోడు బరువు తగ్గించే ఇంజెక్షన్ల ట్రెండ్ వచ్చింది. మౌంజారో, వెగోవీ 2025లో మన మార్కెట్లోకి కూడా వచ్చేశాయి. ఇవి షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లు డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సిన మందులు. డ్రెస్‌లో పట్టడానికి కాదు.

మన దగ్గర లెక్క వేరే

మన దేశంలో ఈ విషయాన్ని అచ్చం యూరప్ కళ్లతో చూస్తే తప్పులో కాలేసినట్టే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 18.7 శాతం మంది బీఎంఐ 18.5 కంటే తక్కువ. 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అధిక బరువు తెలంగాణలో 30.1 శాతం, ఏపీలో 36.3 శాతం. దేశంలో సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది. అంటే మన దగ్గర సన్నగా ఉండటానికి చాలాసార్లు కారణం ఫ్యాషన్ కాదు, పోషకాహారం అందకపోవడం. మరోవైపు బరువు పెరుగుతున్నవాళ్లూ ఎక్కువే. ర్యాంప్ మీది బొమ్మ ఈ ఇద్దరికీ దారి చూపించదు.

ఇంకో సమస్య సైజులది. మనకంటూ సొంత సైజ్ చార్ట్ లేక ఇన్నాళ్లూ బ్రాండ్లు అమెరికా, యూకే కొలతలనే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. అందుకే ఒక షాపులో ఎం సరిపోతే ఇంకో షాపులో ఎక్స్‌ఎల్ కావాల్సి వస్తుంది. ట్రయల్ రూమ్‌లో భుజాలు సరిపోయి నడుము పట్టకపోతే లోపం మనదే అనుకుంటాం. నిజానికి ఆ డ్రెస్ మన కొలతకు కుట్టింది కాదు. దీన్ని సరిచేయడానికే నిఫ్ట్ ఆధ్వర్యంలో 'ఇండియా సైజ్' సర్వే చేపట్టారు. ఆరు నగరాల్లో 15-65 ఏళ్ల మధ్య 25 వేల మందిని 3డీ స్కానర్లతో కొలవాలన్నది ప్లాన్. ఆ నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది.

తెలుగు తెరపై ఈ చర్చ 2015లోనే వచ్చింది. 'సైజ్ జీరో' సినిమా కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగారు. ఇన్‌స్టంట్‌గా సన్నబడిపోవచ్చంటూ మోసం చేసే స్లిమ్మింగ్ క్లినిక్‌ల గురించే ఆ కథ.

ఇంట్లో ఇవి గమనించండి

మోడల్ కావాలనుకునే పిల్లలకే కాదు, ఫోన్‌లో రీల్స్ చూసే ఏ టీనేజర్‌కైనా ఈ ముప్పు ఉంది. అబ్బాయిలకూ ఉంది.

* అందరితో కలిసి భోజనానికి కూర్చోకపోవడం, "ఇప్పుడే తిన్నా" అంటూ తప్పించుకోవడం
* తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లడం
* రోజుకు నాలుగైదుసార్లు బరువు చూసుకోవడం
* నెలసరి ఆగిపోవడం, జుట్టు బాగా ఊడటం
* ఎండాకాలంలోనూ చలిగా ఉందనడం, కళ్లు తిరగడం

ఇలాంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే తిట్టడం, బలవంతంగా ముద్దలు పెట్టడం వల్ల ఫలితం ఉండదు. డాక్టర్‌కు చూపించాలి. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు కాల్ చేయొచ్చు. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకోటి.. పెళ్లికో ఫంక్షన్‌కో పిల్లలు కనిపించగానే "ఏంటే ఇలా ఒళ్లు చేశావ్", "ఏంట్రా పుల్లలా అయ్యావ్" అని పలకరించడం మనకు అలవాటు. ఆ ఒక్క మాట మానేయడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. డైట్, మందుల విషయంలో తప్పనిసరిగా డాక్టర్ సలహా తీసుకోండి.)