శైవలాలు – భూతాపం

నేడు మానవజాతిని కలవరపెడుతున్న సమస్యలలో భూతాపం ముఖ్యమైనది. బొగ్గు, పెట్రోలు వంటి ఇంధనాలను మండించడం వల్ల వాతావరణంలో చేరుతున్న కార్బన్ డై ఆక్సైడ్ ఇందుకు ప్రధాన కారణం. సూర్యరశ్మికి వేడెక్కిన భూమి తిరిగి వెలువరించే ఉష్ణాన్ని ఈ వాయువు పూర్తిగా పైకి పోనీయక కొంత నిలిపివేస్తుంది. ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటె అర్హీనియస్ 1896లోనే లెక్కగట్టి చెప్పాడు. పారిశ్రామిక విప్లవానికి పూర్వం పది లక్షల పాళ్ళ గాలిలో ఇది సుమారు 280 పాళ్ళు మాత్రమే ఉండేది. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతంపై కొలతలు ప్రారంభించేనాటికి 315 పాళ్ళకు చేరింది. 2024 నాటికి 420 దాటింది.

పెరిగిన ఈ వాయువును తగ్గించే మార్గాలను అన్వేషిస్తున్న శాస్త్రజ్ఞుల దృష్టి శైవలాలపై పడింది. శైవలమనే సంస్కృత పదానికి తెలుగులో నాచు, పాచి అని అర్థం. చెరువుగట్టున కాలుజారే పచ్చని పొర మొదలుకొని, సముద్రంలో పదుల మీటర్ల పొడవు పెరిగే నాచుమొక్కల వరకు ఎన్నో రకాలు ఇందులో చేరుతాయి. వీటికి నిజమైన వేరు, కాండం, ఆకు ఉండవు. అయినా పత్రహరితం ఉన్నందువల్ల కిరణజన్య సంయోగక్రియ జరుపుకొంటాయి. కార్బన్ డై ఆక్సైడును గ్రహించి, అందలి కర్బనంతో తమ దేహాన్ని నిర్మించుకొని, ఆక్సిజనును విడిచిపెడతాయి. సముద్రజలాలలో తేలియాడే సూక్ష్మజీవులైన వృక్షప్లవకాలు ఈ పనిలో అగ్రగణ్యాలు. భూగోళంపై జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే.

అయితే వాయువును గ్రహించడం వేరు, దానిని చిరకాలం దాచి ఉంచడం వేరు. శైవలం చనిపోయి నీటి పైభాగంలోనే కుళ్ళినా, మరొక ప్రాణికి ఆహారమైనా అందలి కర్బనంలో అధికభాగం మళ్ళీ కార్బన్ డై ఆక్సైడుగా మారుతుంది. ఆ కర్బనం సముద్రపు లోతులకు దిగిపోతేనే శతాబ్దాలపాటు వాతావరణానికి దూరంగా ఉంటుంది. ఈ సమస్యలోని కీలకాంశం ఇదే.

దక్షిణ ధ్రువాన్ని చుట్టి ఉన్న మహాసముద్రంలో ఇతర పోషకాలు సమృద్ధిగా ఉన్నా వృక్షప్లవకాలు తగినంతగా పెరగవు. ఇనుము కొరతే ఇందుకు కారణమని అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మార్టిన్ ప్రతిపాదించాడు. తనకు సగం ఓడ ఇనుము ఇస్తే మంచుయుగాన్నే తెచ్చి ఇస్తానని 1988లో చమత్కరించాడు. ఇనుము లోపించి పైరు పాలిపోయినప్పుడు మన రైతులు అన్నభేది ద్రావణాన్ని పిచికారీ చేస్తారు. మార్టిన్ ఆలోచన కూడా అటువంటిదే. 1993లో ఆయన మరణించిన కొద్దినెలలకే పసిఫిక్ మహాసముద్రంలో మొదటి ప్రయోగం జరిగింది.

ఈ పరిశోధనలో భారతదేశం కూడా పాలుపంచుకొంది. 2009 జనవరి, మార్చి నెలల మధ్య గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ మహాసముద్రంలో ఒక ప్రయోగం చేశాయి. దానికి 'లోహాఫెక్స్' అని పేరు పెట్టారు. ఆ పేరులోని మొదటి భాగం మనకు సుపరిచితమైన 'లోహ' శబ్దమే. సముద్రంలో ఇనుము కలపడం జలచరాలకు హాని చేస్తుందని పర్యావరణవాదులు అభ్యంతరం చెప్పగా, జర్మనీ ప్రభుత్వం ప్రయోగాన్ని తాత్కాలికంగా నిలిపివేసి, పరిశీలన జరిపిన పిదప అనుమతించింది. పోలార్‌స్టెర్న్ అనే నౌక నుండి అన్నభేదిని సముద్రజలంలో కలిపారు. 300 చదరపు కిలోమీటర్ల మేర దాని ప్రభావాన్ని పరిశీలించారు.

మొదటి రెండు వారాలలో వృక్షప్లవకాలు రెట్టింపయ్యాయి. ఆ తరువాత పెరుగుదల ఆగిపోయింది. రొయ్యజాతికి చెందిన కోపెపాడ్లనే సూక్ష్మజీవులు వాటిని మేసివేశాయి. ఆ కోపెపాడ్లను మరింత పెద్ద జీవులు భక్షించాయి. లోతులకు దిగిన కర్బనం అత్యల్పం. ఇందుకు కారణం లేకపోలేదు. డయాటంలనే శైవలాలు సిలికాతో గట్టి కవచాన్ని నిర్మించుకొంటాయి. అందువల్ల వాటిని మేయడం తేలిక కాదు. ప్రయోగం జరిగిన చోట సిలికా తక్కువగా ఉండటంతో డయాటంలు వృద్ధి చెందలేదు. కవచం లేని చిన్న శైవలాలే పెరిగి ఇతర జీవులకు ఆహారమయ్యాయి.

అదే మహాసముద్రంలో 2004లో జరిగిన మరొక ప్రయోగం ఫలితం ఇందుకు భిన్నమైనది. అక్కడ డయాటంలు విస్తారంగా పెరిగాయి. వాటి రాశిలో కనీసం సగం వెయ్యి మీటర్ల లోతుకు మించి దిగిపోయిందని 2012లో ప్రకటించారు. సముద్రానికి ఇనుమును అందించినంత మాత్రాన ఒకే ఫలితం రాదని, ఆ చోటి జలం, జీవులు ఫలితాన్ని నిర్ణయిస్తాయని ఈ రెండు ప్రయోగాలు నిరూపించాయి.

కర్మాగారాల పొగగొట్టాల నుండి వెలువడే వాయువును నీటిమడుగులలోకి పంపి శైవలాలను పెంచే పద్ధతి మరొకటి. ఒక కిలో ఎండు శైవలం తయారుకావడానికి దాదాపు 1.8 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ అవసరం. అయితే ఆ శైవలం నుండి తీసిన నూనెను వాహనాలలో మండిస్తే గ్రహించిన వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది. పెట్రోలు వాడకం ఆమేరకు తగ్గడమే దీనివల్ల కలిగే ప్రయోజనం.

కంటికి కనిపించని శైవలం ప్రాణికోటికి చేస్తున్న ఉపకారం సామాన్యమైనది కాదు. కాని కోట్లాది సంవత్సరాలుగా భూగర్భంలో నిక్షిప్తమైన కర్బనాన్ని మానవుడు రెండు శతాబ్దాలలో వెలికితీసి మండిస్తున్నాడు. ఆ భారమంతా శైవలాలపై మోపడం సాధ్యం కాదు. ప్రయోగాలు సాగవలసిందే, వాటికంటె ముందుగా పొగను తగ్గించవలసిందే. ప్రకృతి సహాయం చేస్తుందన్న ధీమాతో మానవుడు తన బాధ్యతను విస్మరించకూడదు.