అమెరికాలో నొక బుధవారపు బడి

గత మాఘమాసమున మా చెల్లెలి యొద్దనుండి దీర్ఘమైన యుత్తరము వచ్చినది. ఆమె భర్త యుద్యోగరీత్యా అమెరికా సంయుక్తరాష్ట్రములలో నొక చిన్నపట్టణమున నున్నాడు. ఫోనులో మేము వారమునకు రెండుమారులు మాటలాడుకొందుము గాని, పెద్దవారు చెంతనుండగా చెప్పరాని సంగతులను కాగితముమీద వ్రాసికొనుట మా యక్కచెల్లెండ్రకు చిన్ననాటి యలవాటు. "అక్కా, నేను బుధవారములందు చర్చికి పోవుచున్నాను" అని మొదటి పంక్తిలోనే యున్నది.

ఈ సంగతి దాచుట నాకు చేతకాలేదు. అత్తగారు విని, "మతంలో కలిపేసుకుంటారేమోనే అమ్మాయ్" అని దిగులుపడిరి. మా వారు బడిపంతులు గనుక, "చదువుకొనుటకు పోయినది గదా" యని తేల్చివేసిరి. ఇరువురి మాటయు నాకు తృప్తి నీయలేదు. ఊరక చదువు చెప్పువారు బదులుగా నేమి కోరుదురు? సోదరీమణులారా, తెలుగునాట మిషను బడులు వెలసిన నాటనుండి యెన్నియిండ్లలోనో పుట్టిన ప్రశ్నయే యిది.

చెల్లెలు వ్రాసినది వినుడు. ఆ చర్చి వెనుక నొక పెద్ద హాలు కలదు. బుధవారము ఉదయమున అచ్చట ఇంగ్లీషు చెప్పుదురు. మెక్సికో స్త్రీలు, ఇథియోపియా స్త్రీలు, యుద్ధమునకు వెరచి వచ్చిన యుక్రెయిను స్త్రీలు ఒకే బల్లచుట్టు కూర్చుందురు. పాఠము చెప్పునది పని విరమించిన యొక పంతులమ్మ. పాఠములో కవిత్వము లేదు. వైద్యునికి ఫోను చేసి బిడ్డ జ్వరమును గూర్చి యెట్లు చెప్పవలెను, ఇంటి యజమానికి చీటి యెట్లు వ్రాయవలెను, ఇట్టివి. చంటిపిల్లలను ప్రక్కగదిలో నొక ముసలాయన ఆడించుచుండును. నెలకొకమారు సహపంక్తి భోజనము. ఎవరి వంటకము వారు తెత్తురు. చెల్లెలు పులిహోర గొనిపోయెను. ప్రతి గిన్నె ముందును అందులో నేమున్నదో తెలుపు చీటి పెట్టియుండుట చూచి ఆమెకు ప్రాణము కుదుటపడినదట. "ఆదివారము ప్రార్థనకు కూడ రావలెనా?" అని యడుగగా, పంతులమ్మ "నీకు తోచిన రమ్ము, బుధవారము మాత్రము మానవద్దు" అని నవ్వెనట.

ఆ చర్చి ప్రెస్బిటేరియను శాఖకు చెందినది. గ్రీకుభాషలో "పెద్ద" యను నర్థముగల పదమునుండి ఆ పేరు వచ్చినది. 16వ శతాబ్దమున జెనీవాలో కాల్విను, స్కాట్లండులో జాన్ నాక్సు నెలకొల్పిన పద్ధతి యిది. ఇందు బిషప్పు లేడు. సంఘస్థులు తమలో కొందరిని పెద్దలుగా నెన్నుకొందురు. వారును బోధకుడును కలిసి కూర్చుండి సంఘవ్యవహారములు నడపుదురు. మన పంచాయతివంటి దనుకొనుడు. పంచాయతి యనగానే మీకు తోచు ప్రశ్నయే నాకును తోచినది: అందు ఆడవారున్నారా?

చాలకాలము లేరు. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠములు చెప్పినది ఆడవారే. దూరదేశములలోని బడులకును ఆసుపత్రులకును చందాలు ప్రోగుచేసినదియు ఆడవారే. ఆ పనికి వారికి స్వంత బోర్డులుండెడివి. 1923లో ఉత్తరాది శాఖవారు తమ కార్యాలయములను సంస్కరించుచు, ఆ బోర్డులను సంఘపు పెద్దబోర్డులలో కలిపివేసిరి. హుండి నింపినది మేము, తాళపుచెవి మీదియా యని స్త్రీలు లోలోన కుమిలిరి. 1927లో కాథరిన్ బెన్నెట్, మార్గరెట్ హాడ్జి అను నిరువురు స్త్రీలు ఈ యశాంతికి గల కారణములను విచారించి యొక నివేదిక వ్రాసిరి. 1930లో స్త్రీలు "పెద్దలు" కావచ్చునని నిర్ణయమైనది. బోధకులగుటకు మాత్రము మరి 26 ఏండ్లు! 1956లో బోధకదీక్ష పొందిన మార్గరెట్ టౌనరు అంతకుముందు చేయుచున్న పని సంఘమున విద్యాబోధనయే. పాఠము చెప్పిన నోరు ప్రసంగము చేయరాదనుకొనుటలోని న్యాయము నాకు బోధపడదు. 1974లో కేటీ కానన్ అను నల్లజాతి స్త్రీకిని ఆ దీక్ష లభించినది. ఉత్తర దక్షిణ శాఖలు 1983లో నేకమైనవి.

ఇక చెల్లెలి యుత్తరములో రెండవ పుట. పైన "అత్తగారికి చదివి వినిపింపకుము" అని హెచ్చరిక. ఆ చర్చి వాకిట ఇంద్రధనుస్సు రంగుల జెండా యున్నదట. అచ్చటి పెద్దలలో నొకామె వేరొక స్త్రీతో దాంపత్యము నెరపుచు ఒక బిడ్డను పెంచుచున్నదట. దీనికిని చరిత్ర కలదు. 1974 మహాసభలో డేవిడ్ సిండ్ట్ అను బోధకుడు, తనవంటివారు మరెవరైన నున్నారా యని అట్టమీద వ్రాసి పట్టుకొని నిలిచెను. 1978లో మహాసభ అట్టివారికి దీక్ష తగదనెను. ఆ యేడే న్యూయార్కులోని వెస్ట్‌పార్కు చర్చివారు, మా తలుపులు అందరికిని తెరచియుండునని ప్రకటించిరి. వాదము 33 ఏండ్లు సాగినది. 2011లో ఆ నిషేధము తొలగెను. 2015లో వివాహమునకును సమ్మతి కుదిరెను. ఒప్పని సంఘములనేకములు విడిపోయినవి. స్వాగతమునకు వారు చెల్లించిన వెల చిన్నది కాదు.

అత్తగారు ఆ పుటయు వినిరి. నా ముఖము చూచి కనిపెట్టి చదివించిరి. కొంతసేపు మౌనముగా నుండి, "మా మేనత్తలిద్దరూ వితంతువులై ఒకే ఇంట్లో మా నాన్నని పెంచలేదా?" అనిరి. పోలిక సరిపడదని నాకు తెలియును. కాని ఆ మాటతో ఇంటిలోని బిగువు సడలినది.

మన దక్షిణదేశమున ప్రెస్బిటేరియనులు 1908లో కాంగ్రిగేషనలు వారితో కలిసిరి. ఆ సంఘము 1947లో ఇతరులతో చేరగా దక్షిణ ఇండియా సంఘ మేర్పడినది. అందు మొదటి స్త్రీ బిషప్పు మన తెలుగామెయే: 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలితగారు.

ఒక్కసంగతి చెప్పుకొనవలెను. ప్రతి ఏకాదశినాడు మా యింట పదిమంది స్త్రీలకు నేను పోతనగారి భాగవతము చదివి యర్థము చెప్పుదును. అంట్లు తోము ముసలామె పని ముగించుకొని గడప వెలుపల చతికిలబడి వినును. ఆరేండ్లుగా వినుచున్నది. లోనికి రమ్మని నేనెన్నడు ననలేదు; అనరాదని యెవరును చెప్పలేదు కూడ. ఉత్తరము వచ్చిన తరువాతి యేకాదశినాడు పిలిచితిని. "ఇక్కడే గాలాడుతోందమ్మా" అన్నది. ఆమె చూపు నా వైపు లేదు, చాపమీది వారి వైపున్నది. అందుచే మరుసటి యేకాదశికి వ్యాసపీఠమును చాపను వసారాలోనికి మార్చి, అందరిని అచ్చటనే కూర్చుండబెట్టితిని. ముసలామె చాప చివర కూర్చుండెను. ఆమె ప్రక్కవారు కొంచెము జరిగిరి. చోటిచ్చుటకో, ఎడమగుటకో నేను తేల్చుకొనలేకపోతిని.

నిన్నటి యేకాదశికి ఇరువురు రాలేదు. ఒకామె తలనొప్పి యని కబురంపెను. రెండవామె కబురే పంపలేదు. కుచేలోపాఖ్యానము సగములో నున్నది. మిగిలిన సగము వచ్చు ఏకాదశికి వసారాలోనే చదువుదును.