గుమ్మము కాపరికి పరీక్ష



మా కుమార్తె దూరదేశమున నున్నది. ఆమెతో మాటాడుటకై నా కంప్యూటరులో నొక చిన్న ప్రోగ్రామును పెట్టుకొంటిని. నడుమ నెవ్వరి ప్రమేయమును లేక నా మాటను నేరుగ నామె యంత్రమునకు చేర్చుట దాని పని. గంట మ్రోగెడిది, ఆమె యెత్తెడిది, మాట మాత్రము వినబడెడిది కాదు. ఇంటిలోని రౌటరు చెడినదని దుకాణదారుడు చెప్పగా క్రొత్తది కొంటిని. ఫలము లేకపోయెను. పరీక్షింపక ధనము వెచ్చించుట నా పొరపాటు. ఆ పరీక్ష యెట్టిదో ఈ పూట మనవి చేసెదను.

ఇంటర్నెట్టులో నొక యంత్రమునకు మాట చేరవలెనన్న దానికొక చిరునామా సంఖ్య యుండవలెను. మొదట ఏర్పరచిన పద్ధతిలో నట్టి సంఖ్యలు సుమారు 430 కోట్లు మాత్రమే. అవి లోకమునకు చాలవని గ్రహించి, 1994లో పెద్దలొక ఉపాయమును ప్రకటించిరి. ఇంటిలోని యంత్రములకు లోపల వేరువేరు సంఖ్యలు. వెలుపలికి మాత్రము అన్నిటికిని ఒకే చిరునామా. ఈ చిరునామా మార్పిడినే నాట్ అందురు.

పెద్ద మండువా లోగిలిని తలచుకొనుడు. లోపల నలుగురన్నదమ్ముల కుటుంబములు; వీథి గుమ్మమొక్కటే. గుమ్మమున నొక కాపరి కూర్చుండును. లోపలివారు ఉత్తరము పంపినచో పుస్తకమున నెక్కించి, దానిపై నొక గుర్తు సంఖ్య వేసి పంపును. ఆ సంఖ్యతో జవాబు వచ్చినచో వ్రాసినవారికి అందించును. పుస్తకమున లేనిదానిని లోనికి రానీయడు. ఇది ఇంటికి క్షేమమే. కాని ఇరువైపులను ఇట్టి కాపరులే యున్నచో ఎవరి మొదటి యుత్తరమును చేరదు.

దీనికొక మార్గము కలదు. వెలుపలనున్న మధ్యస్థుని ఇరువురును, “నా యుత్తరముపై మీకు కనబడు చిరునామా యేది?” అని యడుగుదురు. వచ్చిన జవాబులను ఒకరికొకరు తెలుపుకొని, ఒక్కమారే ఉత్తరములు పంపుదురు. తమవారు అచ్చటికి వ్రాసినట్లు పుస్తకమున నున్నది గనుక, కాపరులు వచ్చినదానిని జవాబని తలచి విడుచుదురు. ఇట్లడుగు పద్ధతికి స్టన్ అని పేరు. ఇది 2003లో ప్రకటింపబడినది.

ఆ మధ్యస్థుని అడిగి చూచుటకు స్టన్‌క్లయింట్ అను సాధనము కలదు. ఇందులో బొమ్మలను నొక్కుట లేదు. తెరపై నొకే పంక్తిలో సాధనము పేరును, పూర్తి పరీక్షను కోరు మాటను, మధ్యస్థుని చిరునామాను వ్రాసి ఎంటరు మీట నొక్కవలెను. కొలది క్షణములలో మూడు సంగతులు తెలియును.

మొదటిది, లోపలి చిరునామా యేది, వెలుపల కనబడునదేది. రెండును ఒకటే యైనచో నడుమ మార్పిడి లేదు. రెండవది, వేరువేరు చోట్లకు వ్రాసినపుడు కాపరి ఒకే గుర్తు సంఖ్య వేయునా, చోటుచోటునకు మార్చునా యనునది. మూడవది, మనము వ్రాయనివారినుండి వచ్చినదానిని విడుచునా, ఆపునా యనునది. ఈ తుది రెండును తేలుటకు మధ్యస్థునికి రెండు చిరునామాలు ఉండవలెను.

నా పరీక్షలో గుర్తు సంఖ్య చోటుచోటునకు మారినది. మా కుమార్తెచేతను అదే పరీక్ష చేయించితిని. ఆమె కాపరి సంఖ్యను మార్చడు. కాని ఆమె ఏ సంఖ్యకు వ్రాసెనో ఆ సంఖ్యనుండి వచ్చినదానినే విడుచును. నేను మధ్యస్థునినుండి తెలిసికొని ఆమెకు చెప్పిన సంఖ్య యొకటి. ఆమెకు వ్రాయునపుడు నా యుత్తరముపై పడు సంఖ్య మరియొకటి. ఇక కలియుట యెట్లు?

మా రౌటరునకు కంపెనీ ఇచ్చిన చిరునామాను చూడగా 100.64తో మొదలైనది. అట్టి సంఖ్యలను 2012లో కంపెనీల లోపలి వాడుకకై ప్రత్యేకించిరి. అనగా మా గుమ్మము దాటిన పిదప కంపెనీ గుమ్మమున మరియొక కాపరి యున్నాడు. నేను మార్చినది ఇంటి గుమ్మమును మాత్రమే!

అట్టిచోట ఉత్తరములను అందుకొని అవతలికి అందించు మోతగాడు కావలెను. ఆ పద్ధతికి టర్న్ అని పేరు. ప్రోగ్రాములో వాని చిరునామాను చేర్చితిని. ఆ సాయంకాలమే “నాన్నా” యను పిలుపు వినబడినది. దారి కొంత చుట్టు. మోతకు ఖర్చును కలదు. మాటలకు రహస్యముద్ర వేయు ప్రోగ్రామైనచో మోతగాడు వానిని వినజాలడు.

మీ పిల్లల మాట ఇట్లే నిలిచినచో, ఎవరైన క్రొత్త యంత్రమును కొనుమనినపుడు, ముందుగా ఈ పరీక్షను ఇరువైపులను చేయించుడు. లోపము మన గుమ్మమున నున్నదో, అవతలి గుమ్మమున నున్నదో తెలిసిన పిమ్మటనే మూట విప్పుడు.